రంపం ఎంచుకుంటున్నవాడు ఇల్లు కదలడు

మా తమ్ముడు సంచీ సర్దుకుంటున్నాడు. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, కళ్ళజోడు డబ్బా, కొలత టేపు. అరవై దాటిన మనిషి సంచీలో కొలత టేపు పెట్టుకున్నాడంటే ఇప్పట్లో తిరిగొచ్చే ఆలోచన లేదని నాకు అర్థమైపోయింది. చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళు ఎవరింట్లోనూ ఏమీ కొలవరు.

ఆ సంచీని నేను ఎలా ఖాళీ చేయించానో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. చదివాక మీరు నాకు థాంక్స్ చెబుతారు. చెప్పకపోయినా ఫరవాలేదు, మీరు మాత్రం ఎక్కడికీ వెళ్ళకండి.

నా వాదన ఇది. ఈ కాలం మనిషికిచ్చిన అతి పెద్ద వరం విమానమూ కాదు, ఫోనూ కాదు. ఏ వస్తువు కొనాలన్నా నలభై రకాలు ఉండటం, ఆ నలభై రకాల మీదా ఊరూ పేరూ తెలియనివాళ్ళు వేలకొద్దీ రివ్యూలు రాసి పెట్టడం. దీన్ని అందరూ పీడ అంటారు. తల తిరిగిపోతోందంటారు. తిరగనివ్వండి! తల తిరుగుతున్న మనిషి కాళ్ళు కదపడు.

నమ్మకం కలగలేదా? వెనకటి రోజులు గుర్తు తెచ్చుకోండి. వడ్రంగి కొట్టుకి వెళ్ళి రంపం కావాలనేవాడు. కొట్టులో ఉండేది ఒక్కటే. అదే ఇచ్చేవారు. సాయంత్రానికల్లా ఆ మనిషి రంపంతో సహా ఊరు దాటిపోయేవాడు. ఎంత ప్రమాదకరమైన కాలం!

మా తమ్ముడు జీవితమంతా లిఫ్టులు బాగుచేశాడు. అన్నేళ్ళు జనాన్ని పైకీ కిందకీ పంపినవాడికి రిటైరయ్యాక పక్కకి వెళ్ళాలనిపించడం సహజమే. పాత స్నేహితుడొకడు వేరే ఊళ్ళో కుర్చీలూ బల్లలూ చేసే షెడ్డు పెట్టి, రమ్మని పిలిచాడట.

"చెక్కపని నేర్చుకుంటానక్కా. ఇక్కడుండి ఏం చెయ్యను, నువ్వు మాత్ర వేసుకున్నావా లేదా అని కనుక్కోవడం తప్ప?" అన్నాడు, తువ్వాలు మడుస్తూ.

"చెక్కపనేగా? మన గ్యారేజీ ఖాళీగానే ఉంది. కారు అమ్మేసినప్పట్నుంచీ అందులో బల్లులు తప్ప ఎవరూ లేరు. అక్కడే పెట్టుకో. ఇంతకీ ముందు ఏ మిషను కొనాలి?"

"టేబుల్ సా."

"ఏ రకం?"

తువ్వాలు మడత సగంలో ఆగింది. మంచం మీద కూర్చున్నాడు. ఫోను తీశాడు. సంచీ పక్కనే చాలా రోజులు నోరు తెరుచుకుని ఉంది. చివరికి నేనే దులిపి అటకెక్కించాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. టేబుల్ సా అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బిళ్ళ పైకి తొంగిచూస్తూ తిరుగుతుంటుంది. చెక్కని మనమే దాని మీదికి తోయాలి. ఇందులో మూడు జాతులు. మొదటిది మడతపెట్టే రకం. దానికి చక్రాలు, పట్టుకోడానికి హ్యాండిలు. అంటే సూట్‌కేసే! అలాంటిదాన్ని నేను గడప తొక్కనివ్వను. రెండోది మధ్యరకం. మోటారు వెనకాల వేలాడుతుంటుంది. ఉండాలా పోవాలా తేల్చుకోలేనిదానిలా ఉంటుంది. మూడోది క్యాబినెట్ సా. మోటారంతా లోపల ఇనుప పెట్టెలో, పైన పోత ఇనుము బల్ల. బరువు రెండున్నర క్వింటాళ్ళు.

రెండున్నర క్వింటాళ్ళు! ఆ అంకె చూడగానే నా మనసు కుదుటపడింది. నా జీవితంలోంచి వెళ్ళినవాళ్ళందరూ తేలికగానే వెళ్ళారు. మా పెద్దక్క ఒక చేతిసంచీతో వెళ్ళింది. మా ఆయన పరీక్షలకని ఆసుపత్రికి ఒక్క తువ్వాలుతో వెళ్ళారు. రెండున్నర క్వింటాళ్ళ సామాను వెంటపెట్టుకుని ఎవరైనా ఎవరినైనా వదిలిపోవడం మీరెప్పుడైనా చూశారా? ఇంట్లో మనశ్శాంతి కావాలనుకునే ప్రతి అక్కా, ప్రతి భార్యా మగవాళ్ళకి బరువైన హాబీలు అలవాటు చెయ్యాలి. వేణువు వద్దు. ఫొటోగ్రఫీ అసలే వద్దు.

అయితే కొనేస్తే ఎంపిక అయిపోతుంది కదా. నా తెలివంతా ఇక్కడే ఉంది.

నేను బడికి వెళ్ళింది తక్కువ. పొట్లాలు కట్టొచ్చిన కాగితాల మీద కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందుకని నాకు ఏ కాగితమైనా ఒకటే, మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. తమ్ముడు ప్రింటు తీసి తెచ్చిన మాన్యువళ్ళన్నీ చదివేశాను. ఒకదాంట్లో విడిభాగాల బొమ్మ ఉంది. బోల్టులు, వాషర్లు, బెల్టు, చక్రం, ఎవరికి వారు దూరంగా జరిగి నిలబడ్డారు, మధ్యలో చుక్కల గీతలు. ఎంత పెద్ద కుటుంబం! ఆ పూట అన్నం సహించలేదు.

తమ్ముడు ఏదో ఒక మోడలు దగ్గర తేలబోతున్నాడని అనుమానం రాగానే నేనొక ప్రశ్న వేసేదాన్ని.

"ఒరేయ్, చెక్క ఆనించి తోసే ఆ ఫెన్సు, అది ఊగుతుందని ఒకాయన రాశాడు చూశావా?"

"ఎక్కడ రాశాడు?"

"కింద. చాలా కింద. నువ్వక్కడిదాకా వెళ్ళవుగా."

దాంతో వారం గడిచేది. పొట్టు ఎటు పోతుంది అంటే ఇంకో వారం. బిళ్ళ కుడివైపు వంగాలా, ఎడమవైపు వంగాలా అన్న విషయం మీద మేమిద్దరం ఒక ఎండాకాలం హాయిగా గడిపాం. ఆ ప్రశ్న కనిపెట్టినవాళ్ళు చల్లగా ఉండాలి.

ఇక రివ్యూల సంగతి. ఒకాయన ఐదు నక్షత్రాలు ఇచ్చి, "ఇంకా పెట్టె విప్పలేదు" అని రాశాడు. ఇంకొకాయన ఒకటే నక్షత్రం ఇచ్చాడు, డెలివరీ అబ్బాయి నవ్వలేదని. రెండున్నర క్వింటాళ్ళు మోసుకొచ్చి నవ్వడం కూడానా?

వీడియోలు చెప్పేవాళ్ళలో మాకు ఇద్దరు గురువులు దొరికారు. ఒకాయనకి పది వేళ్ళున్నాయి. రెండో ఆయనకి తొమ్మిది. పదివేళ్ళాయన ఒక కంపెనీ మంచిదంటే తొమ్మిదివేళ్ళాయన మరొకటి అంటాడు.

"తొమ్మిదివేళ్ళాయన అనుభవం ఉన్నవాడక్కా. చూస్తే తెలియట్లా?" అన్నాడు తమ్ముడు.

"అనుభవం నాకెందుకురా, ఫలితం కావాలి. పదివేళ్ళాయన మాట విను."

"ఆయన ఎప్పుడూ మిషను ఆన్ చెయ్యనే చెయ్యడు. పక్కన నిలబడి మాట్లాడతాడంతే."

"అదే పద్ధతి. నువ్వూ అలాగే చెయ్యి."

పై వాటాలో ఉండే లెక్కల టీచరు మెట్లు దిగుతూ ఈ గొడవ విని, గుమ్మంలో ఆగింది.

"ఇంతకీ ఆ మిషనుతో ముందు ఏం చేస్తారు బాబాయిగారూ?"

"మిషను పక్కన చెక్కలు ఆనడానికి ఒక బల్ల చేసుకోవాలమ్మా. అందరూ ముందు అదే చేస్తారట."

"తర్వాత?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆవిడ మరోసారి "తర్వాత?" అని, బడికి టైమైపోతోందని వెళ్ళిపోయింది. లెక్కల టీచర్లు మంచివాళ్ళే కానీ, జవాబు వచ్చేదాకా వదలకూడదనే జబ్బు ఒకటుంది వాళ్ళకి. జవాబుతో ఏం పని? జవాబు వచ్చినవాడు పుస్తకం మూసి ఇంటికి వెళ్ళిపోతాడు.

ఒకసారి మాత్రం గండం దగ్గరకొచ్చింది. తమ్ముడు నాకు చెప్పకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలిచాడు. అంత పెద్ద మోటారుకి మామూలు కరెంటు సరిపోదట, త్రీ ఫేజ్ లైను లాగాలట. అతను గ్యారేజీ గోడ తట్టి చూసి, "రెండు రోజుల పని పెద్దమ్మా" అన్నాడు.

"తొందరేముంది నాయనా. ఏ మిషనో తేలాక చూద్దాం. గోడ ఊరికే పగలగొట్టడం దేనికి?"

"బాబాయి ఇప్పుడే మొదలెట్టమన్నాడే."

"ఆయనకేం, లిఫ్టులు చేసిన మనిషి, ఇల్లు అంటే పైకీ కిందకీ తిరుగుతుందనుకుంటాడు. నువ్వు టీ తాగి వెళ్ళు."

తాగి వెళ్ళాడు. ఇంటిని కాపాడుకోవడం అంటే ఇదీ! ఎలక్ట్రీషియన్‌కి ఒక టీ, తమ్ముడికి పూటకొక సందేహం. గ్యారేజీ అలాగే ఖాళీగా ఉంది. భోజనాల దగ్గర ఇద్దరం ఉన్నాం. పొద్దున్నే "మాత్ర వేసుకున్నావా అక్కా" అని ఒక గొంతు వినిపించేది. ఇంతకంటే ఈ వయసులో ఏం కావాలి ఎవరికైనా?

అందుకే మళ్ళీ మళ్ళీ చెబుతున్నాను. రకాలు పెరగాలి. రివ్యూలు ఇంకా పొడుగవ్వాలి. నలభై చాలవు, నాలుగొందల రంపాలు రావాలి. ఎక్కడా ఏ వస్తువూ ఒంటరిగా, పోలిక లేకుండా, చూడగానే నచ్చేలా ఉండకూడదు. ప్రభుత్వం ఈ విషయంలో చట్టం చెయ్యాలి.

చట్టం లేకపోతే ఏమవుతుందో వినండి. పాత సామాన్లు అమ్మే యాప్‌లో ఒక ప్రకటన వచ్చింది. ఒకటే ఫొటో. పాత క్యాబినెట్ సా, పచ్చ రంగు వెలిసిపోయింది, బల్ల మాత్రం అద్దంలా మెరుస్తోంది. కింద రెండే ముక్కలు: "కదపడం కష్టం. వచ్చి చూసుకోండి." నక్షత్రాలు లేవు. రివ్యూలు లేవు. తమ్ముడు దాన్ని నా కళ్ళముందే ఒక్కసారి చూశాడు.

"ఇదేనక్కా" అన్నాడు.

ఫెన్సు గురించి అడిగాను. పొట్టు గురించి అడిగాను. బిళ్ళ ఎటు వంగుతుందని కూడా అడిగాను.

"చూసొచ్చి చెప్తా" అన్నాడు.

అమ్మే ఆవిడ కుర్చీలు చేస్తుందట. మణికట్టు నొప్పి ముదిరి పని ఆపేసిందట. ఇవన్నీ అక్కణ్ణుంచే ఫోన్లో చెప్పాడు.

"మిషను బంగారమక్కా. మనం ఇన్నాళ్ళూ వెతికింది ఇదే. కానీ దీన్ని పెట్టాకే చుట్టూ షెడ్డు కట్టారట. తేవాలంటే గోడ పడగొట్టాలి."

"పడగొట్టించు."

"ఆవిడ గోడక్కా."

"పోనీ విడగొట్టి తీసుకురా. విడిభాగాల బొమ్మ నా దగ్గరుంది."

"తెచ్చి ఎక్కడ నడపను? మన గ్యారేజీలో త్రీ ఫేజ్ ఏది?"

నేను మాన్యువళ్ళ కట్ట వెతకబోయాను. అవతల మిషను తిరుగుతున్న చప్పుడు. ఆవిడ ఎవరినో "కొంచెం నెమ్మదిగా తొయ్యండి" అంటోంది. ఫోను చెవికి పెట్టుకునే చెక్క తోస్తున్నాడని అర్థమైంది.

"ఆవిడ ఒప్పుకున్న కుర్చీలు కొన్ని మిగిలిపోయాయక్కా. అవి పూర్తిచేసి వచ్చేస్తా" అన్నాడు.

తర్వాత ఇంకొన్ని ఒప్పుకున్నారు. వాటి తర్వాత ఒక బడికి బెంచీలు. కుర్చీలు బాగుంటున్నాయనే అంటున్నారు అందరూ. పది వేళ్ళూ ఉన్నాయా అని నేను అడుగుతాను, ఉన్నాయంటాడు. తను అడగాల్సింది తనూ అడుగుతాడు, ఆదివారాలు, ఫోన్లో. వేసుకున్నాననే చెబుతాను.

నన్ను కూడా అక్కడికే వచ్చి ఉండమన్నాడు. నేను ఇంకా ఎంచుకుంటున్నాను.

మా తమ్ముడు పోయినేడు వానలు మొదలైన వారం, సోమవారం పొద్దున, మిషను చూడటానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.