మంగళవారం రాత్రి పదకొండు

...అయినా ఒక ఫైలు ఏ రోజు పుట్టిందో ఎవరికి కావాలి? మనిషి పుట్టినరోజే ఎవరికీ గుర్తుండదు. ఆఫీసు వంటగదిలో చల్లని కాఫీ గిలక్కొట్టుకుంటూ ఆర్గిరిస్ ఇలా సర్దిచెప్పుకుంటున్నాడు. కావాలి, డైరెక్టరు క్లెయాంథిస్‌కు కావాలి. థెస్సలొనీకి మురుగుకాలువల పటం పోయిన మంగళవారానికల్లా పూర్తికాకపోతే ఉద్యోగం పొడిగించనన్నాడు. బుధవారం దేశమంతా సమ్మె. పటం పుట్టింది శుక్రవారం.

ఇంట్లో లినక్స్ మీద స్క్రిప్టు రాసి తేదీ మార్చాడు. తీరా సోమవారం పొద్దున ఆఫీసు విండోస్‌లోకి ఎక్కించి చూస్తే, దిద్దిన తేదీ మంగళవారం, సృష్టించిన తేదీ ఆ సోమవారం. పుట్టకముందే దిద్దిన పటం! డైరెక్టరు వచ్చేలోగా గబగబా విండోస్‌కు ఇంకో స్క్రిప్టు రాశాడు. మంగళవారం రాత్రి పదకొండు అని పెట్టాడు, ఒళ్లు వంచి పనిచేసినట్టు కనపడాలని. తొందరలో తన ఫైలు పేరుకు బదులు అందరి ఫైళ్లూ ఉండే ఫోల్డరు పేరిచ్చాడు; అన్నిటికీ అదే తేదీ పడింది. పైగా స్క్రిప్టు లెక్కగట్టింది లండన్ కాలం. గ్రీసులో అప్పటికి అర్ధరాత్రి దాటి ఒంటిగంట, బుధవారం సమ్మె మొదలైపోయింది.

"ఒరేయ్ ఆర్గిరిస్!" ఉద్యోగుల సంఘం నాయకురాలు ఎవాంథియా మీదికొచ్చింది. "సమ్మె రోజు కూర్చుని పటం గీశావా? సిగ్గులేదురా?"

"నేనా? మన బ్యానరు కర్ర పట్టుకున్నది నేనండీ! మీరేమో వెనకాల గుంపులో ఉన్నామన్నారు. రెండో కర్ర ఎవరో పింఛను తాత పట్టుకున్నాడు."

"కబుర్లాపు. తేదీ కనపడుతుంటే!"

"అయితే మీ నివేదిక తేదీ కూడా చూడండి."

చూసింది. మొహం పాలిపోయింది. అతన్ని బాల్కనీలోకి లాక్కుపోయి గొంతు తగ్గించింది. "ఎలా తెలిసిందిరా నీకు? ఇంట్లో కూర్చుని రెండు పేజీలు, అంతే. ఎవరికీ చెప్పకు."

వెనకే లెక్కల స్తేలియోస్ సిగరెట్టు వెలిగించుకుంటూ వచ్చాడు. "నాదీ కనిపిస్తోందా బాబూ? కాసేపే చేశాను, ఒట్టు." మధ్యాహ్నానికి బాల్కనీలో నిలబడే చోటు లేదు. ఊరేగింపులో తన వెనక ఉన్నదెవరో ఆర్గిరిస్‌కు అప్పుడు తెలిసింది. ఎవరూ లేరు.

డైరెక్టరు మాత్రం వచ్చి భుజం తట్టాడు. "సమ్మెలో కూడా పనిచేశావంటే, గంట ఆలస్యం ఓ లెక్కా? నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

ఆయన అటు వెళ్లగానే ఎవాంథియా తీర్పు చెప్పింది. "పనిచేసింది నువ్వొక్కడివే అనుకుందాం. మా తేదీలు కంప్యూటరు తప్పు. నీకు పెళ్లామా, పిల్లలా? సంఘం నిన్ను వెలివేసినా పోయేదేముంది? కంప్యూటరు పని నీకు తెలుసుగా, మావి సరిచేసెయ్, నాయనా."

అందరూ తలలూపారు, ఎంతో ఆప్యాయంగా.

ఆర్గిరిస్ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. బుధవారం పట్టుకున్న కర్ర పేడు ఇంకా అరచేతిలో గుచ్చుకుంటూనే ఉంది. స్క్రిప్టు తెరిచాడు. ఈసారి ఫైలు పేరు ఒకటికి రెండుసార్లు చూసుకుని, తన పటానికి శుక్రవారం తేదీ వేశాడు.

మిగతా ఫైళ్లను ముట్టుకోలేదు. దిద్దడానికి వాటిలో తప్పేమీ లేదు.