మిత్తల్ గారి ఫ్రీజర్‌లో పులస

ఆదివారం పొద్దున కిరీటి వేసుకున్న పథకంలో వెతికినా లోపం దొరకదు. కింది వాటాలో ఉండే ఇంటి యజమానులు, మిత్తల్ దంపతులు, టిఫిన్లయ్యాక సత్సంగానికి వెళ్తారు. సాయంత్రానికి గాని రారు. ఈలోగా పైవాటాలో పులస పులుసు ఉడకాలి, శరణ్య కడుపు నిండా తినాలి, గిన్నెలు తోమెయ్యాలి, కిటికీలన్నీ బార్లా తెరిచి ఒక కట్ట అగరొత్తులు వెలిగించాలి. ఎందుకంటే నోయిడాలో ఈ ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మిత్తల్ గారు పెట్టిన షరతు ఒక్కటే. మాంసం, చేప, గుడ్డు గడప దాటి లోపలికి వస్తే, అద్దెకున్నవాళ్లు గడప దాటి బయటికి వెళ్లాలి.

శరణ్యకి ఏడో నెల. కొన్నాళ్లుగా ఆమె ప్రాణమంతా పులస మీదే ఉంది. పప్పన్నం ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకునేది. చూడలేక ఆమె తండ్రి నాగభూషణం గారు చేపని ముక్కలు కోయించి, ఉప్పూ పసుపూ రాయించి, ఐసు పెట్టెలో సర్ది, ఉద్యోగం పని మీద ఢిల్లీ రైలెక్కుతున్న తమ ఊరి కుర్రాడు చిట్టిబాబు చేతికిచ్చి పంపారు. నిన్న దొంగసొత్తులా మేడ మెట్లెక్కిన ఆ పొట్లం ఇప్పుడు ఫ్రీజర్‌లో ఉంది.

పొద్దున్నే కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. ఫ్యాను తిరిగింది గాని ఫ్రిజ్ ఉలకలేదు, పలకలేదు. తలుపు తీస్తే లోపల బల్బు కూడా వెలగలేదు.

"ఏవండీ, పోయిందంటారా?" అంది శరణ్య.

"కంగారు పడకు. రీస్టార్ట్ చేస్తాను."

కిరీటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆఫీసులో ఏది మొరాయించినా ఆపి మళ్లీ ఆన్ చేయడం అతనికి సంధ్యావందనం లాంటిది. స్విచ్ ఆపాడు, వేశాడు. కాస్సేపు చూశాడు, ఓపిక నశించింది, మళ్లీ ఆపి వేశాడు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి ఫ్రిజ్‌ని వెనకున్న డబ్బాతో సహా అక్కడ పెట్టాడు. కూరగాయల కత్తితో ప్లగ్గు విప్పి తీగలు బిగించాడు. చేసిన ప్రతిసారీ బల్బు వెలిగిందేమోనని తలుపు తీసి తొంగిచూశాడు. చూసిన ప్రతిసారీ లోపల మిగిలిన చల్లదనం కాస్తా శ్రావణమాసపు ఉక్కలో కలిసిపోయింది. చివరికి ఫ్రీజర్ నుంచి పచ్చటి నీళ్లు కారడం మొదలైంది.

"వాసనొచ్చేస్తోందండీ," అంది శరణ్య. అందరిలా ముక్కు మూసుకోలేదు. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చుకుంది. "మెకానిక్‌ని పిలవచ్చు కదా?" అందామె.

"ఫ్రిజ్ వాళ్లది. వాళ్లకి చెప్పకుండా ఎలా పిలుస్తాం? వచ్చినవాడు ముందు ఫ్రిజ్ ఖాళీ చెయ్యమంటాడు!"

ఇక మిగిలింది ఇల్లు మొత్తాన్ని రీస్టార్ట్ చేయడమే. మెట్ల కింద రెండు మెయిన్ స్విచ్‌లున్నాయి. కిరీటి దేవుణ్ణి తలుచుకుని ఒకటి లాగాడు. అది మిత్తల్ గారిది. సగం మొహానికి సబ్బు నురగతో, చేతిలో రేజరుతో ఆయన చీకటి బాత్రూములోంచి బయటికొచ్చారు.

"క్యా హువా బేటా?"

"ఫ్రిజ్ పనిచెయ్యట్లేదంకుల్," అన్నాడు కిరీటి. కొంప మునగడం అక్కడే మొదలైంది.

ఆయన వెనకే మిత్తల్ ఆంటీ వచ్చింది. "హాయ్ రామ్! ఏడో నెల పిల్లకి చల్లటి నీళ్లు కూడా లేవా? సత్సంగం వచ్చే వారం కూడా ఉంటుంది. మేం వెళ్లట్లేదు," అని హిందీలో తీర్మానించింది.

"వద్దాంటీ, మీరు వెళ్లాలి. మా కోసం మానుకుంటే మాకు పాపం!"

"ఆ పిల్లని ఈ స్థితిలో వదిలేస్తే మాకు పాపం."

మనుషుల మంచితనాన్ని కిరీటి జీవితంలో మొదటిసారి అసహ్యించుకున్నాడు. ఆంటీ బుట్ట పట్టుకుని పైకొచ్చి, పాలు, పెరుగు తన ఫ్రిజ్‌లో పెట్టడానికి సర్దింది. తర్వాత ఫ్రీజర్ తెరిచింది.

"ఇదేంటి?"

శరణ్య మొగుడి వైపు చూసింది. మొగుడు ఫ్యాను వైపు చూశాడు.

"దవాయి," అన్నాడు. "మందు ఆంటీ. మా అత్తగారి ఊరి నుంచి. కడుపుతో ఉన్నవాళ్లకి. చల్లగా ఉండకపోతే గుణం పోతుంది."

ఆఖరి వాక్యం అనకుండా ఉండాల్సింది. ఆంటీ పొట్లాన్ని కళ్లకద్దుకుంది. "పసుపు కూడా వేశారు, అచ్ఛా! కొంచెం కంపుగా ఉంది. అసలైన మందులన్నీ ఇంతే," అంటూ కిందికి తీసుకెళ్లిపోయింది.

మిత్తల్ గారు ఫ్రిజ్ వెనక్కి వంగి చూశారు. "మొన్నేగా కొత్త స్టెబిలైజర్ పెట్టించాను. కరెంటొచ్చాక కొన్ని నిమిషాలు ఆగి గాని ఇది ఫ్రిజ్‌కి కరెంటు వదలదు. నువ్వేం చేశావు?"

"రీస్టార్ట్ చేశాను."

"తర్వాత?"

"మళ్లీ రీస్టార్ట్ చేశాను."

ఎవరూ ముట్టుకోకుండా వదిలేసిన ఫ్రిజ్ ఉన్నట్టుండి గుర్రుమంది. తెరిచి ఉన్న తలుపులోంచి బల్బు ఖాళీ అరల మీద దేదీప్యమానంగా వెలిగింది.

మందు తెచ్చుకుంటానని కిరీటి కిందికి పరిగెత్తాడు. ఇప్పుడే బాగైన ఫ్రిజ్‌ని నమ్మకూడదని, సాయంత్రం దాకా తన దగ్గరే ఉంటుందని ఆంటీ వెనక్కి పంపేసింది. భార్యాభర్తలిద్దరూ మంచం మీద కూలబడ్డారు. నిండు చూలాలితో ఈ ఊళ్లో ఇంకో ఇల్లు ఎక్కడ వెతకడం? ఎవరిస్తారు?

"నా నోరు పడిపోను. ఎందుకడిగానో!" అంది శరణ్య. ఆమె మాట పూర్తికాకుండానే మెట్ల మీద అడుగులు వినిపించాయి.

ఆంటీ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, స్టీలు గిన్నెని చేతులు బారచాచి పట్టుకుని వచ్చింది. పొట్లం తడిసి విచ్చుకుంది.

"బేటా, మీ మందుకి కన్నుంది."

శరణ్య బావురుమంది. "మా అమ్మ కూడా దగ్గర లేదాంటీ, తినాలనిపించిందాంటీ," అని వచ్చీరాని హిందీలో ఏడ్చింది.

ఆంటీ గిన్నె కింద పెట్టింది. శరణ్య పక్కన కూర్చుంది. "మా సంజీవ్ కడుపులో ఉన్నప్పుడు నాకు మట్టి తినాలనిపించేది. తడి మట్టి. మా అత్తగారు పెరటి తలుపుకి తాళం వేసేసింది. వాడికిప్పుడు పిల్లలు కూడా పుట్టారు. వాన పడినప్పుడల్లా నాకు ఇప్పటికీ నోరూరుతుంది." ముక్కు తుడుచుకుని లేచింది. "మందన్నారుగా, మందే. వంటింట్లో మాత్రం వద్దు, డాబా మీద వండుకో. నా ఫ్రీజర్ కడిగి గంగాజలం చల్లడం నీ మొగుడి పని."

ఎండ మాడ్చేస్తుంటే డాబా మీద కిరోసిన్ స్టవ్వు పెట్టి కిరీటి పులుసు కాచాడు. శరణ్య వేడన్నంలో కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆమె మొహంలోకి వచ్చిన శాంతి చూసి అతను పడ్డ పాట్లన్నీ మరిచిపోయాడు.

అప్పుడే మిత్తల్ గారు నీళ్ల ట్యాంకు చూసుకుందామని పైకొచ్చారు. ట్యాంకు మూత తీసి చూశారు, వేశారు. పొగ ఎటు వీస్తోందో చూసుకుని అటువైపు నిలబడ్డారు. భార్య రావడం లేదు కదా అని మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఈ మందు మోకాళ్ల నొప్పులకి కూడా పనిచేస్తుందా బేటా?"