కేశవరావుగారికి అభిప్రాయం లేదు

అమెరికాలోని మా క్యారీ ఊరి తెలుగువారి ఆశాజ్యోతి, రాష్ట్ర శాసనసభ అభ్యర్థి శ్రీ కేశవరావుగారికి అబార్షన్ విషయమై ఏ అభిప్రాయమూ లేదని ఇందుమూలంగా సమస్త ఓటర్లకూ తెలియజేయడమైనది. ఈ ప్రకటన మా హాల్లో, మా కొత్త సోఫా మీద తయారయింది. పెళ్ళయిన మూడు నెలలకే మా సోఫాకి ఇంత యోగం పడుతుందని అనుకోలేదు.

నిజానికి అంతకుముందు ఆయనకు రెండు అభిప్రాయాలుండేవి. చర్చి విందులో ఒకటి, కాలేజీ అమ్మాయిల సభలో మరొకటి. ఎవరో ఆ రెండు వీడియోలనూ పక్కపక్కన పెట్టేసరికి ఖాయమనుకున్న సీటు ఊగడం మొదలుపెట్టింది. అభిప్రాయాలు ఎక్కువై నష్టపోయిన మనిషికి అసలు లేకపోవడమే క్షేమమని ప్రచార కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

కమిటీ అంటే ఐదుగురు మగవాళ్ళు. మా ఆయన ఫణితో సహా ముగ్గురు వీసా మీదే ఉన్నారు కనుక వాళ్ళకు ఓటు లేదు. ఓటు లేనివారి విశ్లేషణ నిష్పాక్షికంగా ఉంటుందని కమిటీ పెద్ద చక్రపాణిగారు సెలవిచ్చారు. నేను టీ పట్టుకొచ్చినప్పుడల్లా వాళ్ళు గొంతు తగ్గించి, అబార్షన్‌ని ‘ఆ సబ్జెక్ట్’ అనేవారు. ఆడవాళ్ళ ముందు మాట్లాడే విషయం కాదు కదా. ఆ సంస్కారానికి నేను మురిసిపోయాను.

నాకూ ఒక పదవి దక్కింది. తెలుగు మహిళా ఓటర్లకు ఫోన్లు చేయడం. నా వీసాకి ఉద్యోగం కుదరదు, ఓటు సరేసరి. ఊరికే ఫోన్లు చేయడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఫణి నా మెడలో వాలంటీర్ బ్యాడ్జి వేస్తే మళ్ళీ పెళ్ళయినంత సంబరపడి సెల్ఫీ తీసుకున్నాను.

చక్రపాణిగారి ఆదేశాలు సులువు. ముందు స్కూళ్ళ గురించి చెప్పాలి. తరువాత కేశవరావుగారు మనవాడని చెప్పాలి. ఆ సబ్జెక్ట్ వస్తే సిగ్నల్ పోవాలి.

“హలో హలో అని నువ్వే కట్ చేసేయమ్మా. మనల్నేం అనుకోరు, ఫోన్ కంపెనీని తిట్టుకుంటారు,” అన్నారు.

చిప్స్ ప్యాకెట్ నలిపితే అచ్చం సిగ్నల్ పోతున్నట్టే ఉంటుందని కనిపెట్టింది నేనే. మా ఆవిడ ఇంజనీరింగ్ చదివిందని ఫణి కమిటీకి గర్వంగా చెప్పుకున్నాడు.

ఎన్నికల ముందు ఆదివారం స్మృతి అనే ఆవిడకు చేశాను. స్కూళ్ళ గురించి ఓపిగ్గా విని, తను గర్భవతినని చెప్పింది. కిందటేడూ గర్భం వచ్చిందట. బిడ్డ పరిస్థితి బాగాలేదని స్కాన్‌లో తేలాక ఇక్కడి డాక్టర్లు చట్టం తలుచుకుని అబార్షన్‌కి తటపటాయిస్తే, భర్త ఆవిడను రూల్స్ అంత గట్టిగా లేని పక్క రాష్ట్రం వర్జీనియాకి తీసుకెళ్ళాల్సి వచ్చిందట. ఎన్నికలైన మర్నాడు మళ్ళీ స్కాన్.

“మీ కేశవరావు అంకుల్ మనవాడే, కాదనను. రూల్స్ ఇంకా టైట్ చేస్తూ బిల్లు తెస్తారంటున్నారు కదా, దానికి ఆయన యెస్ అంటాడా, నో అంటాడా? ఒక్క మాట చెప్పమ్మా.”

ఆవిడ గొంతు ఎంత స్పష్టంగా ఉందంటే, వెనక కుక్కర్ కూత కూడా వినిపించింది.

“అక్కా, వాయిస్ బ్రేక్ అవుతోంది,” అన్నాను ప్యాకెట్ నలుపుతూ.

“అది చిప్స్ ప్యాకెట్ కదూ? తినేసి చెప్పు. వెయిట్ చేస్తాను.”

కట్ చేశాను. నా చరిత్రలో సిగ్నల్ విఫలమైంది అదొక్కసారే.

కేశవరావుగారు గెలిచారు. ఆయన మౌనం తమ పక్షమేనని అటువాళ్ళూ ఇటువాళ్ళూ నమ్మారు. శనివారం విజయోత్సవ విందులో ఆయన మైకు అందుకున్నారు. “నా తెలుగు ఆడపడుచులు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా గెలిపించారు. ఇదీ మన సంస్కృతి,” అన్నారు. అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది నేనే. నాకు శాలువా కప్పారు. ఫణి వీడియో తీశాడు.

మా బల్ల దగ్గర ఎవరో, స్మృతీ వాళ్ళు రాలేదేమని అడిగారు. పొద్దున్నే వర్జీనియాకి వెళ్ళారని ఇంకెవరో చెప్పారు. బిర్యానీ గరిటెలు ఒక్క క్షణం ఆగాయి.

“ఈ సీజన్‌లో అక్కడ ఆకుల రంగులు చాలా బాగుంటాయట,” అన్నాను నేను.

వర్జీనియా ఆకుల మీద మా బల్ల దగ్గర అందరికీ గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.