మంచులో ఓరుగల్లు

ఆ ఆదివారం వసుమతి పెట్టుకున్న పని చాలా చిన్నది. ఉప్మా తినేసి తెలుగుబడికి వెళ్ళాలి, వెనక వరసలో కూర్చోవాలి, గిరిజ పాఠం చెబుతుంటే ఏమీ పట్టనట్టు మొహం పెట్టాలి. అంతే. అద్దం ముందు రెండుసార్లు ప్రయత్నించి చూసుకుంది కూడా. కుదరలేదు.

ఆష్‌బర్న్‌లో ఒక మిడిల్ స్కూల్ గదులు అద్దెకు తీసుకుని నడిపే ఆ తెలుగుబడిలో చరిత్ర అంటే ఇన్నేళ్ళుగా వసుమతే. విజయవాడ నుంచి సూట్‌కేసులో జాగ్రత్తగా తెచ్చుకున్న గుడ్డపటాన్ని గోడకు తగిలించి, అల్లికసూదితో చూపిస్తూ శాతవాహనుల నుంచి విజయనగరం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేది. పిల్లలు బుద్ధిగా వినేవారు. కనీసం నిద్రపోయేటప్పుడు చప్పుడు చేసేవారు కారు.

వేసవిలో గిరిజ వాళ్ళు చాండ్లర్ నుంచి వచ్చి ఈ ఊళ్ళో దిగారు. దిగిన కొద్దిరోజులకే గిరిజ కూడా తెలుగుబడిలో చరిత్ర క్లాసు ఒకటి తీసుకుని, దానికోసం కంప్యూటర్‌లో ఒక పటం తయారుచేసింది. కింద ఉన్న సంవత్సరాల గీతను పక్కకు జరిపితే చాలు, కాకతీయ రాజ్యం పొయ్యి మీద పాలలా పొంగేది. ఊరి పేరు మీద నొక్కితే పటం అక్కడికి వెళ్ళి కోట చూపించేది. ఆవిడ క్లాసు అయిపోయినా పిల్లలు కదిలేవారు కారు.

"గిరిజ ఆంటీ కాకతీయాస్ మూవ్ అవుతారు అమ్మా. నీవాళ్ళు జస్ట్ నించుంటారు," అంది సొంత కూతురు కృతి. ఆ పూట వసుమతికి అన్నం సయించలేదు.

పైగా ఇవాళ ఊళ్ళో పబ్లిక్ స్కూల్‌లో సోషల్ స్టడీస్ చెప్పే పామర్ మేడమ్ గిరిజ పాఠం చూడడానికి వస్తోంది. నచ్చితే తమ టీచర్ల వర్క్‌షాప్‌లో చూపించమంటుందట. ఆ సంగతి తలుచుకునేసరికి ఉప్మాలో కరివేపాకు కూడా చేదుగా తగిలింది.

అప్పుడే ఫోన్ మోగింది. గిరిజ!

"అక్కా, చిన్న హెల్ప్. ఊళ్ళ షీట్ లింక్ మీకూ, అన్నయ్యగారికీ పంపాను. స్పెల్లింగ్స్ ఒక్కసారి చెక్ చేస్తారా? మీకు తెలిసినంత నాకు తెలీదు కదా!"

"అదెంత పని, చూస్తాన్లే," అంది వసుమతి.

షీట్‌లో ఊరి పేరు, పక్కన అక్షాంశం, ఆ పక్కన రేఖాంశం. ఏ ఊరిని ఎక్కడ నిలబెట్టాలో పటానికి తెలిసేది ఆ అంకెలవల్లే. వసుమతి పై నుంచి కిందికి ఆశగా వెతికింది. ఒక్క అక్షరం తప్పు లేదు. దాంతో ఒళ్ళు మండిపోయింది. అక్షాంశం అన్నచోట రేఖాంశం అనీ, రేఖాంశం అన్నచోట అక్షాంశం అనీ శీర్షికలు మార్చేసి, ల్యాప్‌టాప్ అలాగే వదిలేసి స్నానానికి వెళ్ళిపోయింది.

పాపభీతి కారులో పట్టుకుంది. భర్త రామమోహన్ డ్రైవ్ చేస్తూ ఏదో చెబుతున్నాడు గానీ ఆవిడ చెవికి ఎక్కలేదు. బడి గుమ్మంలోనే గిరిజ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"చాలా టెన్షన్‌గా ఉందక్కా. చేతులు చూడండి, ఎలా చల్లబడిపోయాయో. మీరు చెక్ చేశారు కాబట్టి ఏదో ధైర్యం."

వసుమతి చెయ్యి విడిపించుకుని తిన్నగా బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఫోన్‌లో షీట్ తెరిచింది. తను మార్చిన శీర్షికలు మార్చినట్టే ఉన్నాయి. గబగబా వాటిని మళ్ళీ యథాస్థానంలో పెట్టేసింది. గుండె తేలికపడింది. తను ఇంత మంచిదాన్నని అప్పటిదాకా ఆవిడకే తెలియదు. ఆ ఊపులో వెనక వరస మాట మరిచిపోయి, ముందు వరసలో పామర్ మేడమ్ పక్కనే కూర్చుంది.

"పిల్లలూ, ఇప్పుడు మనం ఓరుగల్లు వెళ్దామా?" అంటూ గిరిజ మీట నొక్కింది.

పటం ఇండియా వైపు తిరగనేలేదు. నార్వే దాటి, ఇంకా పైకి పాకి, ఉత్తర ధ్రువానికి కాస్త ఇవతల తెల్లటి దీవుల మధ్య ఆగింది. అక్కడ కాకతీయుల తోరణం ఠీవిగా నిలబడింది. గిరిజ కంగారుపడి ఇంకో ఊరు నొక్కింది. విజయనగరం సముద్రంలో తేలింది. మచిలీపట్నం రేవు మంచుగడ్డల నడుమ బిగుసుకుపోయింది.

"కాకతీయాస్ పోలార్ బేర్స్‌తో ఫైట్ చేశారా ఆంటీ?" అని ఒకడు అరిచాడు. గది గోలగోల అయిపోయింది.

బడి అధ్యక్షుడు కేశవరావుగారు మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి, "మనవాళ్ళు ఎక్కడో ఉత్తరాన్నుంచే వచ్చారని నేను మొదట్నుంచీ చెప్తున్నా. ఒక్కరూ వినలేదు. గిరిజమ్మా, ఇదెక్కడ దొరికిందో నాకు చెప్పాలి," అన్నాడు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు అది కూడా రాసుకున్నారు.

రామమోహన్ వెనక నుంచి వంగి గుసగుసలాడాడు. "ఇదేంటి? పొద్దున సరిచేశానే!"

"మీరా? ఏం సరిచేశారు?"

"నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు చూశా. హెడ్డింగ్స్‌కీ నంబర్స్‌కీ పొంతన లేదు. హెడ్డింగ్స్ ముట్టుకోకుండా కింద నంబర్సే అటువి ఇటు మార్చా. కార్‌లో అంతసేపు చెప్పాను కదా!"

వసుమతికి బాత్‌రూమ్‌లో తను మళ్ళీ తిప్పిన శీర్షికలు గుర్తొచ్చాయి. చేసిన పాపాన్ని మొగుడు ఎప్పుడో కడిగేశాడు. కొంప ముంచింది ప్రాయశ్చిత్తం.

గిరిజ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి చూశాక వసుమతి కూర్చోలేకపోయింది. లేచి, "తప్పు గిరిజది కాదండీ, నాది. కావాలనే నేనే అటూ ఇటూ మార్చాను," అంది.

"ఐ న్యూ ఇట్!" అని కృతి ఎగిరి గంతేసింది. "మామ్ డిడ్ ఇట్ ఆన్ పర్పస్! సో వీ కెన్ ఫైండ్ ద మిస్టేక్!" ఆ పిల్ల తెర దగ్గరికి పరిగెత్తి షీట్ తీయించింది. "లుక్, ఇది సైడ్‌కి వెళ్ళే నంబర్. పైకి పంపించేశారు!"

ఇంకేముంది, పిల్లలంతా కంప్యూటర్ మీద పడ్డారు. తలా ఒక ఊరి అంకెలు సరిచేసి, దాన్ని మంచులోంచి లాక్కొచ్చి కృష్ణ ఒడ్డునో గోదావరి ఒడ్డునో పెట్టారు. "ఓరుగల్లు నాది!" అంటే "కాదు నాది!" అని కొట్టుకున్నారు. గుడ్డపటం మీద ఏళ్ళ తరబడి విజయవాడ కనిపెట్టలేని పిల్లలు కొండపల్లి ఎక్కడుండాలో వాదించుకున్నారు. చివరికి కేశవరావుగారు కూడా, "పోనీ ఈ ఒక్కసారికి దక్షిణానే ఉండనివ్వండి," అని కూర్చున్నాడు.

వసుమతి తెలుగులో ఒప్పుకున్నది పామర్ మేడమ్‌కు అర్థం కాలేదు. కృతి ఇంగ్లీషులో అరిచింది మాత్రం బాగా అర్థమైంది. వసుమతి రెండు చేతులూ పట్టుకుని, "తప్పు పెట్టి వెతికించడం! బ్రిలియంట్!" అంది.

"నో, నో, మేడమ్, ఐ రియల్లీ…"

"అండ్ సో మాడెస్ట్!"

వర్క్‌షాప్‌లో ప్రసంగం వసుమతిది అని అక్కడికక్కడే తేలిపోయింది. పక్కన కూర్చుని కంప్యూటర్ చూసుకోవడానికి ఎవరైనా ఉంటే బాగుంటుందని పామర్ మేడమ్ గిరిజ వైపు చూసింది.

పార్కింగ్‌లో వసుమతి గిరిజ కోసం ఆగింది. క్షమించమని అడిగి, జరిగింది జరిగినట్టు చెప్పేద్దామని మనసులో మాటలు కూడబలుక్కుంది.

"గిరిజా, పొద్దున ఏం జరిగిందంటే…"

"ముందే నాతో ఒక మాట అనుంటే బావుండేది కదక్కా," అంది గిరిజ, నవ్వుతూనే, మూతి కొంచెం బిగించి. "పటం చేసింది నేను. అందరూ మీ చుట్టూనే మూగారు. మా వాడు కూడా 'వసుమతి ఆంటీ క్లాస్‌కి మారిపోతా' అంటున్నాడు."

వసుమతి ఆ మొహాన్ని కాసేపు తృప్తిగా చూసింది. క్షమాపణ ఇంకో ఆదివారం చెప్పుకోవచ్చులే అనిపించింది.