గోడ వైపు చూసే గుర్రం

పాఠకులారా, మరో జన్మంటూ ఉంటే మనిషిగా పుట్టకండి. పందెంలో ఓడిపోయే గుర్రంగా పుట్టండి!

నవ్వకండి. నేను బాధ్యత గల బడిపంతులును. సిద్దిపేటలో పిల్లలకు తెలుగు చెబుతాను. మాటను చూసి వాడటం నా వృత్తి.

ప్రజ్ఞాపూర్ చౌరస్తా దాటాక గుర్రాల కేంద్రం ఒకటి వెలిసింది. హైదరాబాద్ పందేల్లో పరుగెత్తి, ఇక పనికిరావని తేలిన గుర్రాలను అక్కడికి తెచ్చి కొత్త పని నేర్పుతారు. ఆ పని పేరు థెరపీ. మనసు బాగాలేని మనిషి వెళ్లి గుర్రం పక్కన నిలబడాలి. గుర్రం కూడా నిలబడుతుంది. అంతే వైద్యం!

ఇదేం విడ్డూరమని మొదట నేనూ అనుకున్నాను. కానీ మొన్న వానాకాలంలో నా భార్య యాదలక్ష్మి చనిపోయింది. ఆ తర్వాత ఇంటికి వచ్చిన పరామర్శలు విన్నాక, ప్రభుత్వం వీధికో గుర్రాన్ని కేటాయించాలని గట్టిగా నమ్ముతున్నాను.

ఎందుకంటారా? గుర్రం “ఏ దవాఖాన్ల చూపిచ్చిన్రు?” అని అడగదు. చెప్పాక “అయ్యో, గాడ ఎందుకు చూపిచ్చిన్రు!” అనదు. ఇంతకన్నా అర్హత గల కౌన్సెలర్ ఎక్కడైనా ఉన్నాడా?

మనుషులు మంచివారే. ఇబ్బందల్లా అదే! మా చెల్లెలు దుర్గవ్వ దినాలు కాగానే “అన్నా, ఇగ మామూలుగుండు” అంది. మామూలు అనే వస్తువును ఇంట్లో ఎక్కడ పెట్టామో యాదలక్ష్మికే తెలుసు. తోటి టీచర్ గోపాల్ నన్ను నవ్వుల క్లబ్బులో చేర్పించాడు. పొద్దున్నే చెరువు కట్ట మీద అందరూ చేతులెత్తి నవ్వేసరికి కొంగలన్నీ లేచిపోయాయి. వాటి వెనకే నేనూ వెళ్లిపోయాను. మా బావ పెద్దయ్య ఏకంగా సంబంధమే చూసి, ఫోన్లో ఫొటో చూపించాడు. “ఆమెకు గూడ తెలుగంటె మస్తు ఇష్టమట!” అన్నాడు. ఇష్టమున్నవాళ్లు దొరికితే ముందు మా తొమ్మిదో తరగతిలో కూర్చోబెట్టాలి.

చివరికి హెడ్మాస్టరు గారు పిలిచారు. “సోమారం సంది నవ్వుకుంట రావాలె సార్. మీ మొహం జూసి పోరగాండ్లు బుగులువడుతున్రు” అన్నారు.

అందుకే ఆదివారం గోపాల్ నన్ను ఆ కేంద్రానికి తీసుకెళ్లాడు. పని నేర్చిన గుర్రాల దగ్గర జనం ఉన్నారు. మా వంతు వచ్చేదాకా, కొత్తగా వచ్చిన గుర్రం దగ్గర నిలబడ్డాను. దాని పేరు లైట్నింగ్ ప్రిన్స్. మెరుపు పేరులోనే! చివరి పందెంలో మిగతా గుర్రాలు కొట్టానికి చేరి గడ్డి తింటుండగా ఇది గీత దాటిందట. అయినా కొమురవెల్లి వెళ్లే భక్తులు కంచె అవతల ఆగి, మల్లన్న స్వామి ఎక్కే గుర్రమని మొక్కి, పసుపు బండారి చల్లి వెళ్తున్నారు. ఓడినవాడికి ఇంత మర్యాద నేనెక్కడా చూడలేదు!

అది మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా గోడ వైపు చూస్తోంది.

“దీనికి ఏం నేర్పుతున్రు?” అని దాన్ని చూసుకునే హరీశ్‌ను అడిగాను.

“ఏం నేర్పుతలేం సార్.”

“మరి ట్రైనింగు?”

“గది తర్వాత. ఇన్నేండ్లు ఉరికిచ్చిన్రు గద. ముందుగాల కొన్ని నెలలు ఊకె ఇడిసిపెడ్తం. జీను పెట్టం, పని జెప్పం. మేస్తది, పంటది, గోడ దిక్కు జూస్తది. దానంతట అదే మన దగ్గరికి రావాలె.”

“రాకపోతే?”

“ఇంకిన్ని నెలలు ఆగుతం. గుర్రం గద సార్! తొందరవెడితే ఖరాబైతది.”

అంతలో గోపాల్ వాచీ చూసుకున్నాడు. మేం వచ్చి పావుగంట కూడా కాలేదు. “ఎట్లుంది సార్? జెర ఫ్రీ అయిన్రా?” అన్నాడు.

గమనించారా? గుర్రం గోడ వైపు చూస్తే విశ్రాంతి. నేను చూస్తే డిప్రెషన్! గుర్రం ఎవరినీ దగ్గరికి రానివ్వకపోతే అందరూ ఓపిక పడతారు. నేను ఫోనెత్తకపోతే నలుగురు ఆటో కట్టించుకొని వస్తారు!

“నన్ను ఈడ చేర్చుకుంటరా?” అని హరీశ్‌ను అడిగాను.

“పేషెంటుగనా సార్?”

“కాదు. గుర్రంగ.”

హరీశ్ నవ్వలేదు. నన్ను ఎగాదిగా చూశాడు. “చేర్చుకుందుము గని, మేం పందెం బందువెట్టినయే తీసుకుంటం సార్. మీరు రేపు బడికి పోతరు గద?”

పోయాను. గేటు దగ్గరి నుంచే నవ్వుతూ పోయాను. మొదటి పీరియడ్ నుంచి చివరి గంట దాకా ఎక్కడా తగ్గలేదు. హెడ్మాస్టరు గారు సంతోషంతో నా భుజం తట్టారు. “గుర్రం మంచిగ పనిచేసినట్టుంది సార్!” అన్నారు.

ఆ సమయానికి గుర్రం ప్రజ్ఞాపూర్‌లో గోడ వైపు చూస్తూ నిలబడి ఉంది. పనిచేసింది నేను.