చూడి ఎలుకలకు పసుపు

ఆ శుక్రవారం పొద్దున కొండలరావు పెట్టుకున్న పని చిన్నదే. స్నానం చేసి, ఒక చూడి ఎలుకను కోసి, పిండాలు తీసి, గదికి వస్తానన్న ప్రొఫెసర్ సుబ్బరాయుడుగారికి చూపించడం. వెంట్రుకకూ గోరుకూ మూలమైన కెరటిన్ అనే పదార్థం పిండంలో ఏ రోజున పుడుతుందన్నది అతని పరిశోధన. ఈసారి రోజు తప్పితే సీటు పీకేస్తానని ప్రొఫెసర్ చెప్పేశాడు.

యూనివర్సిటీ బందు. మేత వేసే దిక్కులేక ఎలుకల బోనును తార్నాకలోని తన అద్దెగదికి మోసుకొచ్చాడు. ముందు చూడి కట్టినవాటికి తలమీద, వెనక కట్టినవాటికి వీపుమీద పసుపురంగు చుక్క పెట్టుకున్నాడు. "కడుపుతో ఉన్నాయి, పిల్లి రాకుండా చూడండి" అని ఇంటామె అమృతమ్మకు చెప్పి స్నానానికి పోయాడు.

వచ్చేసరికి ఎలుకలన్నీ నిలువెల్లా పసుపు. నుదుట కుంకుమబొట్లు.

"ఏం చేశారండీ!" పెంకులు అదిరాయి.

"శుక్రారం పూట ఇంటికొచ్చిన కడుపుతోళ్ళు, సారూ. మీరేమో ఒకదానికి తలకు, ఒకదానికి ఈపుకు జర్రంత అంటిచ్చి ఇడిసిపెట్టిన్రు. గట్ల పెడ్తరా ఎవలన్న?"

"అవి నా గుర్తులు! నా సీటు పోతుంది!"

"పసుపు పెడితే పొయ్యేటి సీటు ఉంటెంత, లేకుంటెంత?"

ఆ కేకలకు పక్కింటి లింగమ్మ ఉరికొచ్చింది. బోనులోకి చూసి చెంపలేసుకుంది. కొండలరావు పళ్ళు కొరుకుతూ తడితువ్వాలుతో ఒక ఎలుకను రుద్దాడు. పసుపు పోలేదు. కుంకుమ కారి ఒళ్ళంతా ఎర్రబడింది.

"ఓయమ్మో, కడుపుతోనిదాన్ని సంపుతున్నడే!" లింగమ్మ అరుపుకు వాకిలి నిండింది.

ఆ జనాన్ని తోసుకుంటూ ప్రొఫెసర్ వచ్చాడు. "ఏమయ్యా, ఇది పరిశోధనా, పేరంటమా?"

కొండలరావు చేతిలోని ఎలుకను ముందుకు చాపాడు. "ఈవిడ గుర్తులన్నీ చెరిపేసిందండీ! అయినా ఇదొక్కటి ఖాయమండీ. అన్నిటికంటే ముందు చూడి కట్టింది. పొట్ట చూడండి."

ప్రొఫెసర్ ఆ ఎలుకను తోక పట్టి ఎత్తి, వెల్లకిలా తిప్పాడు. ఆయన ముఖం కందగడ్డ అయింది.

"మగదయ్యా ఇది!"

"పొట్ట పెద్దదిగా ఉంటేనూ..."

"పొట్ట చూసి లెక్కకడితే నాకూ నెలలు నిండాయి! నీ సీటు ఇవాళ్టితో సరి. మళ్ళీ డిపార్ట్‌మెంటు గడప తొక్కావంటే చూడు!"

కొండలరావుకు అంతసేపూ ఉన్న కోపం ఎవరిమీద పెట్టాలో తెలియలేదు. అమృతమ్మ ఎలుకను అందుకుని, దాని నుదురు చూసి నొచ్చుకుంది.

"మగోడని ముందుగాలనే చెప్తే, బొట్టు నిలువుగ పెడుతుంటి గద సారూ."