స్టీరింగ్ బాగానే ఉందని తేల్చిన రోజు

మనిషి చక్రాన్ని కనిపెట్టి వేల ఏళ్లయింది. అది సరిగ్గానే తిరుగుతోందని సంతకం పెట్టే అధికారం మాత్రం మద్దిలపాలెంలో దేవీప్రసాద్ గారికి ఒక్కరికే ఉంది. ఆయన 'సాగరచక్ర కార్ కేర్' అనే సంస్థలో ముఖ్య చక్ర నిర్ధారణాధికారి. (ఉప చక్ర నిర్ధారణాధికారి పోస్టు కూడా ఉంది. అందులోనూ ఆయనే. ఫైలు కింద నుంచి పైకి పంపాలంటే లేచి పక్క కుర్చీలో కూర్చుంటారు.)

మా కారు ఆయన దాకా వెళ్లడానికి కారణం మా అమ్మ కామేశ్వరి. ద్వారకా నగర్‌లో రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. యాభై ఒకటో ఏట లైసెన్సు తెచ్చుకుంది. ఏడాదిగా రోజూ మధురవాడ నుంచి తనే నడుపుకుంటూ డ్యూటీకి వెళ్తోంది. రెండు నెలల కిందట స్టీరింగ్ బిగుసుకోవడం మొదలైంది. ఎడమకి తిప్పితే ఎడమకే ఉండిపోతుంది, దానంతటది వెనక్కి రాదు, మనమే లాక్కురావాలి.

"స్టీరింగ్ బిగిసిపోనాదండి," అని అమ్మ నాన్నకి చెప్పింది.

నాన్న త్రినాథరావు పోర్టులో ముప్ఫై ఏళ్లు క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఓడల్లోంచి బొగ్గుని గాల్లోకి లేపి దించిన చేతులు ఆయనవి. అలాంటి చేతులతో మళ్లీ కారు స్టీరింగ్ పట్టుకుని చూడటమేమిటని ఆయనకి అనిపించింది.

"స్టీరింగ్ కాదే, నీ సేతులే బిగిసిపోనాయి," అన్నారు సోఫాలోంచి.

దాంతో ఇంట్లో ఒక తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. (ఓటు వేసింది నాన్న.) శనివారం కారుకి పరీక్ష చేయిస్తారు. కారులో లోపం ఉంటే బాగు చేయిస్తారు. లేదని తేలితే లోపం అమ్మలో ఉన్నట్టు. అప్పుడు కారు మా మేనత్త భర్త అర్జునరావు మావయ్యకి అమ్మేస్తారు, అమ్మ క్యాబ్‌లో వెళ్తుంది. పరీక్షకి వెళ్తూ రిపోర్టు బాగా రాకూడదని కోరుకున్న మనిషిని నేను అమ్మనే చూశాను, అదీ ల్యాబ్‌లో పనిచేస్తూ.

యాప్‌లో ఫిర్యాదు పెట్టే పని నాకిచ్చారు. (కార్ల వీడియోలు రోజుకి ఆరు చూస్తాను. నన్ను సలహా ఎందుకు అడగలేదన్నది వేరే వ్యాసం.) ఫిర్యాదుల జాబితాలో నాలుగే ఉన్నాయి: శబ్దం, వాసన, మరక, ఇతరములు. 'ఇతరములు' నొక్కాను. 'మీ మరకకు చింతిస్తున్నాం' అని మెసేజ్ వచ్చింది. తర్వాత 'నడిపేవారు' అని ఒక గడి. 'స్త్రీ' అని పెట్టగానే ఇంకో పేజీ తెరుచుకుంది: సీటు ముందుకి జరుగుతుందని మీకు తెలుసా? హ్యాండ్ బ్రేక్ దించారా? ఇంట్లో పెద్దలు ఎవరైనా నడిపి చూశారా? మూడోదానికి 'లేదు' అని పెడితే ఫారం కదలనంది. 'ఔను' అని పెట్టాను. కదిలింది.

శనివారం అందరం వెళ్లాం. అర్జునరావు మావయ్య కూడా వచ్చాడు, బదిలీ కాగితాలకి నాలుగు పాస్‌పోర్టు ఫోటోలు జేబులో పెట్టుకుని.

"నాను ఊరికే వచ్చాను బావా," అన్నాడు నాన్నతో, సీటు కవర్లు నొక్కి చూస్తూ.

దేవీప్రసాద్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి విధానం వివరించారు. "స్టీరింగ్‌లో ఏ సమస్య ఉన్నా మా దగ్గర మొదటి చికిత్స వీల్ ఎలైన్‌మెంట్ సార్. తగ్గకపోతే రెండో చికిత్స, మళ్లీ వీల్ ఎలైన్‌మెంట్."

"మూడోది?" అన్నాను.

"మూడోసారి వచ్చినవాళ్లు లేరు సార్," అన్నారు గర్వంగా.

నాలుగు చక్రాలకీ పరికరాలు బిగించారు. తెర మీద ఎర్రగా ఉన్న అంకెలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. నాలుగు చక్రాలూ తిన్నగా ఉన్నాయని తేలింది. (చక్రాలు వంకరగా ఉన్నాయని ఎవరూ అనలేదు.)

తర్వాత టెస్ట్ డ్రైవ్. సంస్థ నిబంధన ప్రకారం అది తిన్నని రోడ్డు మీద జరగాలి. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊళ్లో అలాంటి రోడ్డు వెతకడానికి వాళ్లు ఒక కమిటీ వేశారట, కమిటీ ఇంకా మలుపులు తిరుగుతూనే ఉందట. అందాకా సర్వీస్ సెంటర్ చుట్టూ ఒక్క రౌండు కొడతారు. పదిహేనేళ్లుగా అక్కడే పనిచేస్తున్న టెక్నీషియన్ నాగవంశీ నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. మొదటి మలుపులో పళ్లు బిగించాడు. రెండో మలుపులో సీట్లోంచి పైకి లేచాడు. మూడో మలుపులో, కొబ్బరిబొండాల బండి దగ్గరపడుతుంటే, "ఓలమ్మో" అన్నాడు. తిరిగొచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. దిగి, చేతులు విదిలించుకుని, కార్డు మీద 'మృదువుగా ఉంది' అని రాశాడు.

"అదేంటండీ?" అన్నాను.

"గ్రీన్ వచ్చీసింది కద సార్. గ్రీన్ వచ్చినాక గట్టిగుందని రాత్తే సిస్టం తీసుకోదు. నాకే డ్రైవింగ్ రాదని ట్రైనింగ్ ఏత్తారు."

దేవీప్రసాద్ గారు పచ్చ రిపోర్టు నాన్న చేతిలో పెట్టి, ఆ చేతిని ఊపారు. "కంగ్రాట్స్ సార్. నూటికి నూరు." మావయ్య ఫోటోలు బయటికి తీశాడు. నాన్న అమ్మ వైపు తిరిగారు. "సెప్పేనా నేదా?"

టైర్లు ముందువి వెనక్కి మార్చడం కోసం (ఇది అడగకుండానే చేస్తారు) కారు ముందు భాగాన్ని అప్పుడే జాకీ మీద జానెడు లేపారు, ఇంజిన్ ఇంకా నడుస్తోంది. అమ్మ నేరుగా వెళ్లి, కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ తిప్పింది. స్టీరింగ్ రవ్వంత కదిలి ఆగింది.

"నాగవంశీ, ఇలా రా బాబూ. ఈ టైర్లు నేల మీదున్నాయా?"

"నేదమ్మా, గాల్లో ఉన్నాయి."

"గాల్లో ఉన్న టైరుకి రోడ్డేటి, ఎలైన్‌మెంటేటి? అయినా బిగిసే ఉందంటే మరి రోగం టైరులో నేదు. నా సేతికీ టైరుకీ మజ్జిన ఎక్కడో ఉంది. అక్కడ సూడు. మా ల్యాబ్‌లో సూది గుచ్చకుండా రిపోర్టివ్వం."

నాగవంశీ టార్చి పట్టుకుని కిందకి దూరాడు. కాసేపటికి గొంతు ఒక్కటే వచ్చింది. "నిజవేనమ్మా. స్టీరింగ్ రాడ్డు కింద జాయింటు. ఉప్పుగాలికి తుప్పట్టి బిగిసిపోనాది." (ఆ జాయింటు గురించిన వీడియో నేను చూశాను. సగంలో ఆపేశాను.)

దేవీప్రసాద్ గారు కంగారు పడలేదు. "మేడం, మీ పరిశీలన చాలా విలువైనది. కాకపోతే లోపం కనిపెట్టాలంటే ఉద్యోగి కోడ్ ఉండాలి. పైగా ఈ వాహనాన్ని లోపం లేనిదిగా రెండు నిమిషాల కిందటే మూసేశాం. లోపం లేని వాహనంలో లోపం తెరవలేం."

"తుప్పు ఎదురుగా కనపడతంది కదండి?"

"కంటికి కనపడుతోంది మేడం. సిస్టంలో లేదు."

"కాయితం మీద వచ్చినాక ఇంకేటి మాటలు," అని నాన్న తాళం తీసుకున్నారు. కారుని మావయ్య ఇంటి దగ్గర స్వయంగా అప్పగించి వద్దామని డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. ఈ రెండు నెలల్లో అదే మొదటిసారి. అమ్మ పక్కన, మేమిద్దరం వెనక.

మద్దిలపాలెం జంక్షన్‌లో యూ టర్న్ సగం అయ్యాక కారు రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. క్రేన్ తిప్పిన చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. స్టీరింగ్ ఉన్నచోటే ఉంది. వెనక సిటీ బస్సు డ్రైవరు హారన్ మీదనుంచి చెయ్యి తియ్యకుండా కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏటి గురువా, నడిరోడ్డు మీద పక్కేసేసుకున్నావేటి?"

నాన్న మెడ మీద నరాలు లేచాయి. మావయ్య ఫోటోలు నెమ్మదిగా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు అమ్మ పక్కసీట్లోంచి వంగి స్టీరింగ్ పట్టుకుంది. "కిందకి కాదండి, మీ వైపు లాగండి. ఊఁ." ఇద్దరూ కలిసి లాగితే తిరిగింది.

"రోజూ ఈ మలుపు నానొక్కదాన్నే తిప్పుతన్నాను," అంది అమ్మ, వెనక్కి వాలుతూ.

నాన్న కారుని మావయ్య ఇంటికి కాకుండా మా ఇంటికే పోనిచ్చారు. చేరగానే దేవీప్రసాద్ గారికి ఫోన్ చేశారు.

"స్టీరింగ్ బిగిసిపోనాదండి."

"అయ్యో! స్వయంగా నడిపి చూశారా సార్? ఆ మాట ముందే చెప్పాల్సింది!"

సోమవారం పదింటికి సర్వీస్ సెంటర్ వాళ్లే వచ్చి కారు తీసుకెళ్లారు, ఒంటిగంటకి కొత్త జాయింటుతో తెచ్చారు. ఇప్పుడు స్టీరింగ్ ఒక్క వేలితో తిరుగుతోంది. అందుకని నాన్నే నడుపుతున్నారు.